పదిమందిలో పాడితేనే పాట వస్తుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ గుంటూరు ఎడిషన్ లోపలి పేజీల్లో పిల్లల పాటల పోటీల వార్తలు వేస్తుంటారు, చూస్తుంటాను. ప్రతిసారీ ఒకటే ఫొటో. మధ్యలో పట్టులంగా వేసుకున్న పాప, చేతిలో షీల్డు, అటొక పెద్దమనిషి, ఇటొక పెద్దమనిషి, వెనకాల ఫ్లెక్సీ. పాపని చూస్తే ముచ్చటగానే ఉంటుంది, తప్పేం లేదు. కానీ ఏడాది పొడుగునా అదే ఫొటో చూసీ చూసీ మావైపు తల్లిదండ్రులకి ఒక అభిప్రాయం పడిపోయింది, పాట నేర్చుకోవడమంటే ఒక్కతే స్టేజీ ఎక్కి, ఒక్కతే పాడి, ఒక్కతే కప్పు పట్టుకుని దిగి రావడమని. మా ఇంటికి పిల్లని చేర్పించడానికి వచ్చేవాళ్ళు మొదట ఫీజెంత అని అడుగుతారు, ఆ వెంటనే "ఎన్నాళ్ళకి పోటీలకి పంపొచ్చండీ" అంటారు. "మిగతా పిల్లలతో కలిపి ఎప్పుడు పాడిస్తారు" అని అడిగిన తల్లి నాకు ఇంతవరకు తగల్లేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైపోయింది, కత్తిరించుకోండి, కానీ శ్రుతి గురించిన భాగం మాత్రం దయచేసి ఉంచండి.

నేను బ్రాడీపేటలో ఇంటి దగ్గరే గాత్రం చెప్తాను. పెద్ద విద్వాంసురాలినేం కాదు, రేడియోలో గ్రేడు కూడా లేదు, పాఠం చెప్పడం మాత్రం బాగానే చెప్తానని పేరుంది (ఆ పేరు పెట్టింది మా పిల్లల తల్లులే, కొంచెం తగ్గించి లెక్కేసుకోండి). నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ముందు సంగీతం వచ్చేయాలి, ఆ తర్వాత కావాలంటే బృందంలో పాడొచ్చు అని మనం అనుకుంటున్నాం చూడండి, అది తలకిందులు. బృందంలో పాడుతుంటేనే సంగీతం వస్తుంది, సరళీ స్వరాలు (మొట్టమొదటి పాఠాలు) మొదలుపెట్టిన నెల నుంచే పిల్లల్ని కలిపి పాడించాలి, వాళ్ళ పాట నలుగురికీ వినిపించాలి.

ఒంటరిగా పాఠం నేర్చుకునే పిల్లల్లో ఒక అలవాటు గమనించండి. తప్పు పోగానే ఆగిపోతారు. "సారీ టీచర్" అంటారు, నాలిక కరుచుకుంటారు, మళ్ళీ పల్లవి ఎత్తుకుంటారు. మళ్ళీ తప్పు, మళ్ళీ పల్లవి. దీంతో ఏమవుతుందంటే నెల తిరిగేసరికి పల్లవి నోట్లో అరిగిపోయి ఉంటుంది, చరణం సగం కూడా వచ్చి ఉండదు. కావాలంటే ఏ పోటీకైనా వెళ్ళి కూర్చోండి, పల్లవి బ్రహ్మాండంగా ఉంటుంది, అనుపల్లవి ఫరవాలేదు, చరణానికి వచ్చేసరికి పిల్ల కళ్ళు అమ్మ కోసం వెతుకుతుంటాయి. వర్ణాల్లో మరీను. మొదటి సగం చివర వచ్చే ముక్తాయి స్వరం దాకా ధైర్యంగా వచ్చి, రెండో సగంలో ఎత్తుగడ స్వరాల దగ్గర నీళ్ళు నములుతారు.

ఇప్పుడు అదే పిల్లని ఏడెనిమిది మంది మధ్యలో కూర్చోబెట్టండి. తప్పు పోయిందా, పోనీ, పాట ఆగదు. తొడమీద తాళం పడుతూనే ఉంటుంది, లఘువు అయిపోయి తాళం చివరి ద్రుతాలు వచ్చేస్తుంటాయి, పక్కవాళ్ళు అప్పుడే రెండో సంగతిలో (అదే వాక్యం ఇంకో వరసలో) ఉంటారు. కదిలిపోతున్న రైలు ఎక్కినట్టు ఎక్కడో ఒకచోట అందుకోవాల్సిందే. మొదట్లో రెండు మూడు ఆవర్తనాలు (తాళం చుట్లు) దిక్కులు చూస్తూ కూర్చుంటుంది, తర్వాత సమం (తాళం మొదటి దెబ్బ) పడేచోట మెల్లిగా దూరుతుంది, కొన్నాళ్ళు పోయాక ఎక్కడ తప్పినా మరుసటి అక్షరంలోనే దొరకబుచ్చుకుంటుంది. కచేరీలు చేసే పెద్ద విద్వాంసుల దగ్గరుండేది కూడా ఈ నేర్పే కదండీ, వాళ్ళకి మాత్రం తప్పులు పోవా, పోయిన సంగతి మనకి తెలియనివ్వరు అంతే. దీన్ని విడిగా పాఠం పెట్టి చెప్పడం ఎవరివల్లా అవుతుందనుకోను. ఎదురుగా కూర్చుని "ఆగకు, ఆగకు" అని ఎంత మొత్తుకున్నా పిల్ల ఆగుతుంది, ఎందుకంటే తను ఆగితే టీచరు కూడా ఆగుతుందని దానికి తెలుసు.

ఇక శ్రుతి. ఫోన్లో తంబురా యాప్ పెట్టుకుని రోజూ పాడితే శ్రుతి వచ్చేస్తుందని ఇప్పుడందరి నమ్మకం. రావాలి మరి. కానీ పిల్లలు దాన్ని వింటే కదా, కాసేపటికి అదొకటి మోగుతోందన్న ధ్యాసే ఉండదు. అదే పక్క పిల్ల షడ్జమం (స) పట్టి నిలబడినప్పుడు తను ఒక వెంట్రుకవాసి కిందకి ఉందనుకోండి, ఆ రెండు గొంతుల మధ్య ఒక అదురు పుడుతుంది, ఊఁ... ఊఁ... ఊఁ అని. ఇది ఎవరి ఊహా కాదు. బాగా దగ్గరగా ఉన్న రెండు నాదాలు కలిస్తే వాటి కంపనాల్లో ఎంత తేడా ఉందో సెకనుకి అన్నిసార్లు ఆ అదురు వినపడుతుంది, రెండు కంపనాలు తేడా ఉంటే సెకనుకి రెండుసార్లు. తంబురా శ్రుతి చేసేవాళ్ళు బిరడాలు తిప్పేది, పూసలు జరిపేది ఆ అదురు ఆగేదాకానే. పిల్లలకి ఈ ఫిజిక్సంతా అక్కర్లేదు, అదురు వినగానే మొహం చిట్లిస్తారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు, కిసుక్కుమంటారు, ఈలోగా ఎవరో ఒకరు సర్దుకుంటారు. నేను నోరు తెరవక్కర్లేకుండానే శ్రుతి కలుస్తుంది. "శ్రుతి తగ్గింది" అని నేను నలుగురిలో అంటే ముడుచుకుపోయే పిల్ల, తనంతట తను విని సర్దుకున్నప్పుడు ఎంత పొంగిపోతుందో చూడాలి.

ఒక్కోసారి పోటీపడి అరుస్తారు, అదీ నిజమే. చుట్టూ చప్పుడు ఎక్కువైతే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో ఎత్యెన్ లొంబార్ అనే ఫ్రెంచి డాక్టరు ప్రచురించాడట, ఆయన పేరుతోనే ఆ సంగతిని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన పెళ్ళి భోజనాల హాల్లో ఒక్క పంక్తి కూర్చుంటే చాలు, డాక్టరు కానివాళ్ళకి కూడా బోధపడుతుంది. దీనికి మా ఇంట్లో ఒకటే రూలు. పక్కవాళ్ళ గొంతు నీకు వినపడట్లేదంటే నువ్వు ఎక్కువ పాడుతున్నావని అర్థం. ఈ రూలు పెట్టాక పిల్లలు పాడుతూ వినడం మొదలుపెట్టారు. పాడుతూ వినడమనేది ఎంత కష్టమో కచేరీలకి పక్కవాద్యం వాయించేవాళ్ళని అడగండి.

అందరూ ఒకే శ్రుతిలో పాడగలరా అని అడుగుతారు. చిన్నపిల్లలతో ఇబ్బంది లేదు, ఆడైనా మగైనా ఐదు, ఐదున్నర శ్రుతి (హార్మోనియం మెట్ల లెక్క, అర అంటే నల్లమెట్టు) దగ్గర హాయిగా పాడేస్తారు. గొడవంతా మగపిల్లలకి పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చాక. గొంతు పగులుతుంది, పంచమం పాడబోతే ఇంకేదో పలుకుతుంది, వాడికి సిగ్గు, మిగతావాళ్ళకి నవ్వు. సంగీతం క్లాసుల్లో మగపిల్లలు కనపడకుండా పోయేది సరిగ్గా ఇక్కడే (ఎనిమిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ కూడా అప్పుడే తగులుకుంటుంది, రెండూ కలిసి దెబ్బ కొడతాయి). విడివిడిగా పాడించే టీచరు మాత్రం ఏం చేస్తుంది, "గొంతు కుదిరాక రా నాన్నా" అంటుంది. వాడు మళ్ళీ రాడు. బృందం ఉంటే ఆ రోజుల్లో కూడా వాడికి అక్కడ పనుంటుంది. తాళం వేస్తాడు, కంజిర పట్టుకుంటాడు, కింది స్థాయిలో వచ్చినవి పాడి రానివి వదిలేస్తాడు, ఆ వదిలేసినవి వాడు వదిలేశాడని ఎవరికీ తెలియదు, పాఠమైతే చెవిలో పడుతూనే ఉంటుంది. ఏడాదికో రెండేళ్ళకో ఒకటికో ఒకటిన్నరకో గొంతు కుదురుకునేసరికి కృతులన్నీ వాడికి వచ్చే ఉంటాయి. పెద్దవాళ్ళ గోష్ఠిలో శ్రుతి ఎప్పటికీ తెగని పేచీయే, మగవాళ్ళు ఒకటికి లాగుతారు, ఆడవాళ్ళు ఐదుకి లాగుతారు, మధ్యలో ఎక్కడ పెట్టినా ఎవరికీ సుఖం ఉండదు. మూడున్నర పెట్టుకోండమ్మా అని ఒకాయన సలహా ఇచ్చారు. హార్మోనియం మీద మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు ఉండదండీ.

త్యాగరాజ ఆరాధనకి పంచరత్నాలు గోష్ఠిగా పాడడం మనకి తెలియనిది కాదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, రాగాలు ఐదు, తాళం మాత్రం ఐదింటికీ ఆదే. ఇందులో ఒక తమాషా ఉంది. వరాళి రాగాన్ని శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పకూడదని, చెప్తే గురువుకీ శిష్యుడికీ చెడుతుందని ఎప్పటినుంచో ఒక నమ్మకం, నమ్మనివాళ్ళు కూడా ఎందుకొచ్చిందిలే అని జంకుతారు. మరి "కనకనరుచిరా" ఇంతమందికి ఎలా వచ్చిందంటే, గోష్ఠిలో వెనక వరసలో కూర్చుని, విని విని, పెదాలు కదిపి కదిపి వచ్చింది. ఆరభిలో "సాధించెనె" అయితే చరణం చరణానికీ "సమయానికి తగు మాటలాడెనె" దగ్గరికి తిరిగి రావాలి, ఒంటరిగా పాడితే ఏ చరణం అయింది, ఏది మిగిలింది అని పెద్దవాళ్ళు కూడా తడుముకుంటారు, గోష్ఠిలో ఎవరో ఒకరికి గుర్తుంటుంది కాబట్టి మిగతావాళ్ళు వాళ్ళని పట్టుకుని నడుస్తారు, నాలుగేళ్ళు అలా నడిచాక తామే గుర్తుంచుకునేవాళ్ళవుతారు.

పంచరత్నాలు చిన్నపిల్లలకి పెద్ద బరువే, ఒప్పుకుంటాను. వాళ్ళకి త్యాగయ్య గారివే దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఉన్నాయి. చాలావాటిలో చరణాలన్నిటికీ ఒకే వరస, ఒకటి వస్తే మిగతావి వచ్చినట్టే, భజనలో పాడుకోవడానికి అచ్చంగా సరిపోతాయి. గీతాలు అయిపోగానే ఇవి పెట్టొచ్చు, కొంతమందికి గీతాలు అవకుండానే పెట్టొచ్చు. సిలబస్‌లో వరస తప్పుతుందని అభ్యంతరం చెప్పే టీచర్లున్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు, సరళీ జంట అలంకారాలు మానమని నేననట్లేదు.

కర్ణాటక సంగీతం ఒక్కటే ఎందుకు, మన చుట్టుపక్కల పాట వచ్చినవాళ్ళందరూ గుంపులో నేర్చుకున్నవాళ్ళే. నాదస్వరం మేళంలో కుర్రాడు ముందు శ్రుతి పట్టుకుని గురువు పక్కన కూర్చుంటాడు, పెళ్ళిళ్ళలోనే, ఊరేగింపుల్లోనే, జనం మధ్యలోనే కొన్నేళ్ళు గడిచాక రెండో నాదస్వరం చేతికొస్తుంది, గురువు వాయించిన వాక్యాన్ని అందుకుని వాయిస్తాడు. అతనికి క్లాసూ కచేరీ వేరు కావు. బుర్రకథ చూడండి, కథకుడికి అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకుని ఇద్దరు ఉంటారు, వాళ్ళు క్షణం ఏమరితే కథ కుంటుపడుతుంది. పద్మశ్రీ షేక్ నాజర్ గారు మన గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి, ఆయన అంత పెద్ద కథకుడై కూడా పక్కన ఇద్దరు లేకుండా కథ నడిపింది లేదు, ఆ కళే ముగ్గురి కళ. పల్నాటి ఊళ్ళలో చెక్కభజన నేర్చుకునే పిల్లలకి తాళం అంటే ఏమిటో ఎవరూ నిర్వచనం చెప్పరు, అడుగు తప్పితే పక్కవాడి చెక్క తగులుతుంది, నేర్చుకుంటారు.

గుంటూరులో పాత చర్చిల సంగతి కూడా చెప్పాలి. ఆదివారం ఆరాధనకి ముందు క్వైర్ ప్రాక్టీసు జరుగుతుంటే ఒకసారి బయట నిలబడి వినండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పదేళ్ళ పిల్ల, అరవై ఏళ్ళ అమ్మమ్మ, ఇంజినీరింగ్ కుర్రాడు ఒకే బెంచీ మీద నిలబడి పాడతారు, కీబోర్డు దగ్గర ఇంకో కుర్రాడు, పరీక్ష లేదు, సర్టిఫికెట్టు లేదు, వారం వారం మాత్రం జనం ముందు పాడాలి. పదేళ్ళు అలా పాడిన పిల్లల చెవి ఎంత పదునుగా ఉంటుందో నాకు తెలుసు, ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చారు. మన గుళ్ళలో భజన మండళ్ళు అలా ఉండేవి. ఇప్పటికీ ఉన్నాయి, కానీ సభ్యుల్లో రిటైరైనవాళ్ళే ఎక్కువ, పిల్లలేరీ అంటే ట్యూషన్‌లో ఉన్నారు.

విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున్నే వచ్చే భక్తిరంజనిలో బృందంగా పాడిన పాటలు ఎన్నుండేవో మా ఈడువాళ్ళకి గుర్తే. బాలమురళీకృష్ణ గారు అక్కడ పనిచేసిన రోజుల్లో ఆ కార్యక్రమానికి ఎంత చేశారో తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఇక్కడే ఒక తండ్రి నన్ను పట్టుకున్నారు, "బాలమురళి గారు ఎనిమిదేళ్ళకే విజయవాడలో త్యాగరాజ ఉత్సవాల్లో ఒక్కరే కూర్చుని కచేరీ చేశారు కదండీ" అని. చేశారు. అలాంటివాళ్ళు తరానికి ఒకరు పుడతారు, ఆ ఒకరికి ఏ పద్ధతైనా చాలు. మిగిలిన మన పిల్లల సంగతి మాట్లాడుకుందాం. పోనీ ఘంటసాల గారి పేరు చెప్పుకుందాం, విజయవాడ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకి ఆయన పేరే పెట్టుకున్నాం (దాని మొదటి ప్రిన్సిపాల్ బాలమురళి గారే). విజయనగరంలో అంత సంగీతం చదువుకుని వచ్చిన మనిషి, సినిమాల్లో మొదట పాడింది కోరస్‌లో. నామోషీ అనుకోలేదు. ఇప్పుడు నేను ఒక పాపని రెండో వరసలో నిలబెడితే ఆ రాత్రే వాళ్ళమ్మ నుంచి ఫోను.

బృందంలో నష్టాలు లేవా అంటే ఉన్నాయి. పెదాలు కదుపుతూ గొంతు విప్పని పిల్లలు ఉంటారు, నెలల తరబడి దొరకరు. కాలం పరిగెడుతుంది, చౌకకాలంలో మొదలైన పాట చరణానికి వచ్చేసరికి ఎవరో తరుముతున్నంత వేగంగా పోతుంది. గమకాలు మొద్దుబారతాయి, పదిమందీ ఒకేలా పాడాలి కాబట్టి సన్నటి పనితనం పక్కకి పోతుంది. పాఠాంతరాల గొడవ సరేసరి, మా గురువుగారు ఈ సంగతి ఇలా చెప్పారని ఒకరు, కాదని ఒకరు, ఇద్దరు టీచర్ల పిల్లల్ని ఒక వేదిక మీద కలపబోతే పిల్లలు బాగానే కలుస్తారు, టీచర్లే కలవరు. రాగాలాపన, స్వరకల్పన లాంటివి గుంపులో నేర్పలేం, అవి ఒక్కొక్కరితో కూర్చుని చేయాల్సినవే. కాబట్టి విడి పాఠం ఉండాలి, వారంలో ఒక రోజు అది, ఒక రోజు ఇది. గుంపు కూడా ఆరుగురి నుంచి పన్నెండు మంది దాకా ఉంటే చాలు. వందమందిని మైదానంలో నిలబెట్టి పాడిస్తే చూడ్డానికి బాగుంటుంది, ఎవరు పాడారో ఎవరు పాడలేదో దేవుడికి తెలియాలి. నేనైతే మధ్యమధ్యలో చెయ్యి చూపించిన పిల్ల ఒక్కతే ఒక ఆవర్తనం పాడుతుంది, తర్వాత అందరూ అందుకుంటారు. పెదాలు కదిపే బాపతు అక్కడ దొరికిపోతారు, కోప్పడక్కర్లేదు, వారం తిరిగేసరికి నేర్చుకుని వస్తారు, పక్కవాళ్ళ ముందు పోయే పరువు టీచరు ముందు పోయే పరువు కంటే ఎక్కువ.

ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు, పేరొద్దు, వార్షికోత్సవానికి ప్రార్థనాగీతం నేర్పమని పిలిచారు. సరేనని వెళ్తే, పాట ముందే స్టూడియోలో ఎవరితోనో రికార్డు చేయించారట, పిల్లలు మైకుల ముందు నిలబడి నోరు ఆడిస్తే చాలట, "రిస్క్ ఎందుకు మేడమ్, పేరెంట్స్ అంతా వస్తారు" అన్నారు. పిల్లలు తప్పు పాడినా కన్నవాళ్ళు చప్పట్లు కొడతారని ఆ మేనేజ్‌మెంటుకి ఎవరు చెప్పాలి. 2020 జాతీయ విద్యావిధానంలో కళల్ని చదువు నుంచి విడదీయొద్దని రాసుకున్నాం, బాగానే ఉంది, మన గుంటూరు, విజయవాడ బళ్ళలో టైమ్‌టేబుల్‌లో నిజంగా సంగీతం పీరియడ్ ఉన్నవెన్ని, ఆ పీరియడ్‌లో లెక్కల సారు దూరనివెన్ని, ఇది మీ విలేకరులు ఒక వారం తిరిగి రాస్తే బాగుంటుంది.

ఆన్‌లైన్ క్లాసుల గురించి రెండు మాటలు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లలకి అవి వరమే, నేను కూడా చెప్తున్నాను. కానీ అందులో ఇద్దరు కలిసి పాడలేరు. గొంతు అవతలివాళ్ళకి చేరేసరికి ఆలస్యం అవుతుంది, ఆ ఆలస్యం ముప్పై మిల్లీసెకన్లు దాటిందంటే తాళం కలవదు, మామూలు వీడియో కాల్‌లో అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. అందుకే టీచర్లు అందరినీ మ్యూట్‌లో పెట్టి ఒక్కొక్కరినే పాడిస్తారు. ఇంటి పక్కనే టీచరుండి కూడా ట్రాఫిక్ అనో టైమ్ కలిసొస్తుందనో ఫోన్లో నేర్పించేవాళ్ళు, పిల్లకి ఏం తగ్గుతోందో ఒకసారి ఆలోచించుకోవాలి.

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళు హైస్కూల్ పిల్లల చేత కలిపి పాడించి గుండె వేగం కొలిచారు. కలిసి పాడేటప్పుడు అందరి గుండె వేగం ఒకేసారి పెరుగుతూ ఒకేసారి తగ్గుతూ ఉందని 2013లో ప్రచురించారు. కారణం ఊపిరి, పాటలో వాక్యం ఎక్కడ ముగిస్తే అక్కడే అందరూ గాలి పీలుస్తారు, ఊపిరి వెంట గుండె నడుస్తుంది. మా పిల్లల్లో టెన్షన్ పడేవాళ్ళు గుంపులో ఎందుకు కుదుటపడతారో ఇది చదివాక నాకు కొంత అర్థమైంది. వెనెజులాలో హోసే అంటోనియో అబ్రేయు అనే ఆయన 1975లో పేదపిల్లల్ని పోగేసి వాద్యబృందాలు కట్టించాడు, ఒక్కొక్కరికి విడిగా నేర్పి తర్వాత కలపడం కాకుండా మొదటినుంచీ బృందంలో కూర్చోబెట్టే నేర్పించాడు, ఆ పద్ధతిని తర్వాత ఎన్నో దేశాలు తీసుకున్నాయి. మన దగ్గర ఆయన్ని తలుచుకుని సెమినార్లు పెడతారు, పక్క వీధిలో భజన మండలికి పిల్లల్ని పంపరు.

అడగాల్సినవి అడిగేస్తాను. పోటీలు పెట్టే సంస్థలు బృందగానానికి కూడా ఒక విభాగం పెట్టండి, ఉన్నచోట్ల దాన్ని చివర్లో, జనం లేచి వెళ్ళిపోయాక పెట్టకండి, ప్రైజు కూడా సోలోకి ఇచ్చినంతా ఇవ్వండి. ట్రాక్ వద్దు, మైకు వీలైతే వద్దు, ఒక శ్రుతిపెట్టె చాలు. జడ్జీలు తప్పులు లెక్కపెట్టడం కాకుండా తప్పు పోయాక పిల్లలు ఎలా కలుసుకున్నారో చూడండి. గుడి కమిటీల వాళ్ళు దసరాకీ ధనుర్మాసంలోనూ బయటినుంచి ఆర్కెస్ట్రాలు పిలిచే ఖర్చులో పదో వంతు పెట్టి పేటకొక పిల్లల బృందానికి అరగంట ఇవ్వండి, ఏడాదికోసారి కాకుండా నెలకోసారి ఇవ్వండి. ఎడిటర్ గారూ, మీరు ఫొటో కింద పేర్లు వేసేటప్పుడు పది పేర్లూ వేయండి, "తదితరులు" అని వేయకండి, ఆ తదితరుల ఇళ్ళలో ఆ రోజు పేపరు ఎన్నిసార్లు తిరగేస్తారో మీకు తెలియదు.

ఇంకో చిన్న సంగతి. పుష్య బహుళ పంచమికి, అంటే త్యాగరాజ ఆరాధన రోజున, మా పిల్లలు పాడతారు, సాధన మొదలైంది, మాకు మృదంగం లేదు. నేర్చుకుంటున్న కుర్రాడైనా సరే, అమ్మాయైనా మరీ మంచిది, ఆది తాళం రెండు కాలాల్లో నిలకడగా వాయిస్తే చాలు. శనివారం సాయంత్రం ఆరున్నరకి ప్రాక్టీసు. డబ్బులు ఇవ్వలేం, టిఫిను పెడతాం. ఆసక్తి ఉన్నవాళ్ళు ఎవరైనా మీ ఆఫీసుకి రాస్తే ఆ ఉత్తరాలు నాకు అందేలా చూడండి, నా అడ్రసు కవరు మీద ఉంది, పేపర్లో మాత్రం వేయకండి.

ఇట్లు,
ఒక సంగీతం టీచరు,
బ్రాడీపేట, గుంటూరు.